ఒప్పందం సరే, గోదాం తాళంచెవి ఎవరి దగ్గర? ప్రాంతీయ కూటముల మంత్రులకు బహిరంగ లేఖ

అభివృద్ధి చెందుతున్న దేశాల ప్రాంతీయ కూటముల్లో ఆరోగ్యం, ఆర్థికం, ఆహారం, వాణిజ్యం శాఖలు చూస్తున్న మంత్రులకు, ఆ కూటముల సచివాలయాలకు,

నమస్కారం.

మీరు కలిసిన ప్రతిసారీ వెలువడే ఉమ్మడి ప్రకటనలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ప్రజారోగ్యం, పోషకాహారం రంగాల్లో పరస్పర సహకారాన్ని పెంచుకుంటాం అని. ఆ వాక్యంతో మాకు పేచీ లేదు. దాని వెనక ఎంత డబ్బుంది, ఏ ఖాతాలో ఉంది, ఎవరి సంతకంతో బయటికి వస్తుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నవి ఎక్కడా రాసి ఉండవు. మా పేచీ దానితోనే. యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి వేసిన అంచనా ప్రకారం 2022లో అయిదేళ్లలోపు పిల్లల్లో 14.8 కోట్ల మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. 4.5 కోట్ల మంది ఎత్తుకు తగ్గ బరువు లేక చిక్కిపోయి ఉన్నారు. వీళ్లలో దాదాపు అందరూ మీ దేశాల పిల్లలే.

పోషకాహార చికిత్స, మందుల కొనుగోలు, ఆహార పరీక్షల పనుల్లో ఉన్నవాళ్లం మేం. కొత్త సంస్థ పెట్టమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఉన్న ఒప్పందాలు పని చేయాలంటే ముందుగానే తేల్చుకోవాల్సిన కొలతలు, షరతులు, లెక్కలు కొన్ని ఉన్నాయి. అవి తేలకపోతే ఏం పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో చెప్పడానికే ఈ ప్రయత్నం.

దేశాల వారీగా కాక ప్రాంతం మొత్తాన్ని ఒక్కటిగా ఎందుకు చూడాలన్న ప్రశ్నకు పశ్చిమ ఆఫ్రికా ఎప్పుడో జవాబు చెప్పింది. అక్కడ నదుల ఒడ్డున ఊళ్లకు ఊళ్లు గుడ్డివవుతుంటే 1974లో ఏడు దేశాలు కలిసి రివర్ బ్లైండ్‌నెస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ జబ్బును మోసుకొచ్చే నల్ల ఈగ పారే నీళ్లలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి హెలికాప్టర్లతో నదుల మీద లార్వాలను చంపే మందు చల్లారు. కొన్నేళ్లకు ఒక సంగతి బయటపడింది. మందు చల్లిన ప్రాంతంలోకి బయటి దేశాల నుంచి, వర్షాకాలపు గాలుల మీద వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఈగలు మళ్లీ వచ్చి చేరుతున్నాయి. ఒక దేశం తన నదుల్ని ఎంత శుభ్రం చేసుకున్నా పొరుగు నది ఒక్కటి మిగిలితే చేసిన పనంతా వృథా. అందుకే కార్యక్రమాన్ని 11 దేశాలకు విస్తరించి, 2002 దాకా నడిపారు. ఈగ వాలే చోటు ఎంత మేర ఉందో కార్యక్రమం గీత కూడా అంతమేర గీశారు, దేశాల సరిహద్దుల్ని చూసి కాదు. మీ ప్రతి కార్యక్రమానికీ మేం వేసే మొదటి ప్రశ్న అదే: గీత ఎక్కడ గీశారు?

ఇక కొనుగోలు దగ్గరికి వద్దాం. ఈ లేఖలో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాం, ఎందుకంటే ఉమ్మడి ఆరోగ్య పథకాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థ పాహో 1977లో టీకాల కోసం రివాల్వింగ్ ఫండ్ ఏర్పాటు చేసింది. సభ్య దేశాలు వచ్చే ఏడాదికి ఎన్ని డోసులు కావాలో ముందే చెబుతాయి. సంస్థ అన్నింటినీ కలిపి ఒకే కొనుగోలుగా బేరం చేస్తుంది. సరుకు అందినప్పుడు తయారీదారుకు ఉమ్మడి నిధి నుంచే డబ్బు వెళుతుంది. దేశం ఆ మొత్తాన్ని 60 రోజుల్లో తిరిగి కట్టాలి. కొద్దిపాటి రుసుము ఆ నిధిలోనే చేరి మూలధనాన్ని పెంచుతుంది. పెద్ద దేశానికైనా చిన్న ద్వీపానికైనా ధర ఒక్కటే.

తూర్పు కరీబియన్ ద్వీప దేశాలు 1986లో మందుల కోసం మొదలుపెట్టిన ఉమ్మడి కొనుగోలు సేవ దీనికన్నా చిన్నది. కానీ మీలో చాలామందికి ఎక్కువ పనికొచ్చే పాఠం అక్కడే ఉంది. ప్రతి దేశమూ తన ఏడాది మందుల బడ్జెట్‌లో మూడో వంతును ఉమ్మడి కేంద్ర బ్యాంకులోని ఖాతాలో ముందే జమ చేయాలన్నది ఆ ఏర్పాటు. మూడో వంతే ఎందుకో లెక్క చూడండి. ఆర్డరు పెట్టడం, సరుకు రావడం, దేశం డబ్బు కట్టడం అన్నీ కలిపి నాలుగు నెలలు పడితే, ఆ డబ్బు ఏడాదికి మూడుసార్లు తిరుగుతుంది. ఏడాదికి 120 లక్షల డాలర్ల కొనుగోలుకు 40 లక్షల నిధి చాలు. అదే చెల్లింపు ఆలస్యమై ఆ చక్రం ఆరు నెలలకు సాగితే 60 లక్షలు కావాలి. నిధి 40 దగ్గరే ఉండిపోతే రెండో ఆర్డరు పెట్టే సమయానికే ఖాతా ఖాళీ. మందుల కొరత అని మీరు పత్రికల్లో చూసే వార్తల్లో కొన్నింటికి మూలం ఈ గుణకారమే. నిధి ఎంతుండాలో దాతలు ఎంతిస్తామన్నారన్నదాన్ని బట్టి తేల్చకండి. మీ దేశాలు నిజంగా ఎన్ని రోజులకు డబ్బు కడుతున్నాయో చూసి తేల్చండి.

ఆర్థిక మంత్రులకు ఇక్కడ విడిగా ఒక మాట. ఉమ్మడి కొనుగోళ్లలో ఆలస్యానికి ఆరోగ్యశాఖను నిందించడం తేలిక. కానీ చాలా దేశాల్లో ఆలస్యం నాలుగు చోట్ల పుడుతుంది, నాలుగూ మీ అధికార పరిధిలోవే. బడ్జెట్ విడుదల మూడు నెలలకోసారి జరిగితే ముందస్తు జమ సాధ్యం కాదు. విదేశీ ద్రవ్యం కొరత ఉన్నప్పుడు టీకాల చెల్లింపు వరుసలో వెనకబడుతుంది. దేశీయ కొనుగోళ్ల చట్టంలో అంతర్జాతీయ సంస్థ ద్వారా టెండర్ లేకుండా కొనే వెసులుబాటు ఉండదు. ఓడ రేవుకు చేరాక దిగుమతి సుంకం మినహాయింపు పత్రం కోసం సరుకు ఎండలో ఆగుతుంది. ఈ నాలుగింటికీ ముందస్తు ఉత్తర్వులు లేకుండా ఉమ్మడి నిధి మీద సంతకం పెట్టవద్దని మీకు మా సలహా.

బయట చౌకగా దొరికితే ఏం చేయాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఉమ్మడి టెండర్ ధర బయటపడ్డాక ఒక స్థానిక వర్తకుడు అంతకన్నా తక్కువకు ఇస్తానంటాడు. అతను చెప్పేది అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ ఒక దేశం ఆ ఒక్క మందును బయట కొన్నదంటే ఉమ్మడి పరిమాణం తగ్గుతుంది. మాట ఇచ్చిన పరిమాణం రాలేదని తయారీదారు వచ్చే ఏడాది ధర పెంచుతాడు. రెండో దేశం కూడా బయటికి పోతుంది. మూడేళ్లలో కూటమి ఖాళీ అవుతుంది. అందుకే కరీబియన్ దేశాలు ఒక నిబంధన పెట్టుకున్నాయి: జాబితాలో ఉన్న మందును ఉమ్మడి సేవ ద్వారానే కొనాలి. మీరు కూడా ఏ వస్తువు జాబితాలో చేరాలన్నది స్వేచ్ఛగా నిర్ణయించుకోండి, చేరాక ఆ ఒప్పంద కాలం ముగిసేదాకా బయట కొనకండి. మొదటే 200 వస్తువులు పెట్టుకోవద్దు. ఓఆర్ఎస్, జింకు మాత్రలు, విటమిన్ ఎ క్యాప్సూళ్లు, గర్భిణుల ఐరన్ మాత్రలు, చికిత్సాహారం లాంటి పది వస్తువులతో మొదలుపెడితే చాలు.

చికిత్సాహారం అన్నాం కాబట్టి దాని లెక్క కూడా చెప్పాలి. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు ఇంట్లోనే పెట్టే ఆర్‌యూటీఎఫ్ పొట్లం 92 గ్రాములు, 500 కిలోకేలరీలు. బిడ్డ బరువులో కిలోకి రోజుకు 150 నుంచి 185 కిలోకేలరీలు ఇవ్వాలి. 7 కిలోల బిడ్డకు 175 చొప్పున 1,225, అంటే రోజుకు రెండున్నర పొట్లాలు. ఎనిమిది వారాలకు 140. అందుకే 150 పొట్లాల పెట్టె ఒక బిడ్డ చికిత్సకు ఒకటి అని స్థూలంగా అనుకుంటారు. ఇంతవరకు తేలికే. ఏడాదికి ఎంతమంది పిల్లలు అన్న దగ్గరే దేశాలు బోల్తా పడతాయి. సర్వేలో ఆ రోజున 2 శాతం పిల్లలు తీవ్రంగా చిక్కి ఉన్నారని తేలితే, 10 లక్షల మంది పిల్లలకు 20 వేల పెట్టెలు అని రాసేస్తారు. ఆ సర్వే ఒక రోజు ఫొటో మాత్రమే. ఏడాది పొడవునా కొత్తగా ఆ స్థితిలోకి జారే పిల్లలు వేరే ఉన్నారు. వాళ్లనూ కలపడానికి ఆ సంఖ్యను 2.6తో గుణించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అంటే 52 వేలు. అందులో కార్యక్రమం ఎంతమందిని చేరగలదో, ఉదాహరణకు సగం అనుకుంటే, 26 వేల పెట్టెలు. అసలైన గుణకం ప్రాంతాన్ని బట్టి బాగా మారుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. కాబట్టి మీ కూటమిలో రెండు మూడేళ్ల చేరికల లెక్కలు తీసి మీ గుణకం మీరే తేల్చుకోవాలి. ఒకే వాతావరణం, ఒకే కరువు కాలం ఉన్న పొరుగు దేశాలు ఈ పని కలిసి చేస్తే ఖర్చూ తక్కువ, లెక్కా గట్టిది.

ఈ ఆహారాన్ని ప్రాంతంలోనే తయారు చేయాలని ప్రతి సమావేశంలోనూ అంటారు. మేమూ అదే కోరుకుంటాం. కానీ ఫ్యాక్టరీ పెట్టాక ఏం జరుగుతుందో చూడండి. విదేశం నుంచి సహాయంగా వచ్చే తయారు సరుకుకు సుంకం ఉండదు. స్థానిక ఫ్యాక్టరీ దిగుమతి చేసుకునే పాలపొడికి, విటమిన్ మిశ్రమానికి, పొట్లాల రేకుకు సుంకం ఉంటుంది. పోటీ మొదలవకముందే స్థానికుడు ఓడిపోతాడు. ముడిసరుకు సుంకాన్ని ఎత్తేయడం వాణిజ్య మంత్రికి ఒక్క ఉత్తర్వు పని.

రెండో అడ్డు, ఈ ఆహారానికి ముఖ్య ముడిసరుకైన వేరుశనగలో బూజు నుంచి పుట్టే విషం, అఫ్లాటాక్సిన్. ఇది గింజలన్నింటిలో సమంగా ఉండదు. వేల గింజల్లో ఒకటి రెండింటిలో విపరీతంగా ఉండి, మిగతావి శుభ్రంగా ఉంటాయి. కిలో శాంపిల్ తీస్తే ఆ గింజ చేతికి వచ్చిందా లేదా అన్నది అదృష్టం. ఎగుమతి దేశం ప్రయోగశాల బాగుందంటుంది, దిగుమతి దేశం ప్రయోగశాల పనికిరాదంటుంది. రెండూ నిజాయతీగానే చెబుతాయి. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రమాణంలో, శుద్ధి చేయబోయే వేరుశనగకు కిలోకి 15 మైక్రోగ్రాముల పరిమితితో పాటు 20 కిలోల శాంపిల్ తీసి మొత్తం రుబ్బి పరీక్షించాలన్న పద్ధతి కూడా ఉంది. మీలో చాలా దేశాలు పరిమితిని తమ చట్టంలోకి ఎక్కించుకున్నాయి, శాంపిల్ పద్ధతిని వదిలేశాయి. సరిహద్దుల్లో లారీలు ఆగిపోయేది అక్కడే. పరిమితి, శాంపిల్ బరువు, రుబ్బే పద్ధతి మూడూ కలిపి ఒకే ఉమ్మడి పత్రంగా ఆమోదించండి. పొలంలో ఆఖరి వారాల నీటి ఎద్దడి, కోత తర్వాత సరిగా ఆరకపోవడం విషానికి ముఖ్య కారణాలు. ఆరబెట్టే పట్టాలు, తేమ కొలిచే మీటర్లు, రంగు మారిన గింజల ఏరివేత మీద పెట్టే డబ్బు ఫ్యాక్టరీ మీద పెట్టే డబ్బు కన్నా ముందు పెట్టాలి.

ప్రమాణాల సంగతి ఇంకాస్త చెబుతాం. ఉప్పునే తీసుకోండి. ఒక దేశం కిలో ఉప్పులో 50 మిల్లీగ్రాములు అని రాస్తుంది, అది అయోడిన్ కోసం కలిపే పొటాషియం అయోడేట్ లెక్క. పక్క దేశం కూడా 50 అని రాస్తుంది, అది అయోడిన్ లెక్క. 50 మిల్లీగ్రాముల అయోడేట్‌లో అయోడిన్ దాదాపు 30 మాత్రమే. 50 అయోడిన్ కావాలంటే అయోడేట్ 84 పడుతుంది. ఒక దేశంలో చట్టబద్ధమైన ఉప్పు మరో దేశంలో నేరమవుతుంది, ఎవరి తప్పూ లేకుండానే. అన్ని ప్రమాణాలనూ అయోడిన్‌లోనే రాయండి. ఫ్యాక్టరీ దగ్గర ఎంత, చిల్లర దుకాణం దగ్గర ఎంత, ఇంట్లో ఎంత అన్నవి విడివిడిగా రాయండి. ఇంటి దగ్గర కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న గీత. తేమ ఎక్కువున్న ఉప్పు, మెగ్నీషియం మలినాలు, నీరు చొరబడే గోనె సంచి అయోడిన్‌ను దారిలోనే పోగొడతాయి. సరిహద్దులో చుక్క వేస్తే నీలి రంగు వచ్చే కిట్ అయోడిన్ ఉందో లేదో చెబుతుంది, ఎంతుందో చెప్పదు. ఆ రంగు ముదురు, లేత తేడా చూసి లారీని వెనక్కి పంపడం న్యాయం కాదు. పరిమాణం తేలాలంటే టైట్రేషన్ అనే రసాయన పరీక్ష చేయాల్సిందే. దానికి కావాల్సినవి ఒక బ్యూరెట్ (కొలతలున్న గాజు గొట్టం), నాలుగు రసాయనాలు, ఒక శిక్షణ పొందిన మనిషి.

పిండిలో ఐరన్ విషయంలో పొరపాటు ఇంకా లోతైనది. జనం రోజుకు ఎంత గోధుమపిండి తింటారన్నదాన్ని బట్టి మోతాదు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. సగటున 150 నుంచి 300 గ్రాములు తినేచోట తెల్ల పిండిలో కిలోకి 30 మిల్లీగ్రాముల ఐరన్ ఫెర్రస్ సల్ఫేట్ రూపంలో, లేదా 20 మిల్లీగ్రాములు సోడియం ఐరన్ ఈడీటీఏ రూపంలో. 75 నుంచి 149 గ్రాములే తినేచోట అవి 60, 40 అవుతాయి. పొట్టు తీయని పిండిలో ఉండే ఫైటేట్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి దానికి ఈడీటీఏ రూపం ఒక్కటే సూచించారు. చట్టంలో ఐరన్ ఇన్ని మిల్లీగ్రాములు అని సంఖ్య మాత్రమే రాసి ఏ రూపమో వదిలేస్తే, మిల్లు యజమాని అన్నింటికన్నా చౌకైన, ఒంటికి సరిగా పట్టని ఇనుప పొడి కలుపుతాడు. ప్రయోగశాలలో సంఖ్య సరిపోతుంది. రక్తహీనత మాత్రం అక్కడే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరో సర్వే చేసి, పిండిలో ఐరన్ కలపడం పనికిరాని పథకమని తేలుస్తారు. పథకాన్ని అంతకుముందే ఆ ఒక్క వదిలేసిన మాట చంపేసి ఉంటుంది.

ఈ పనిలో మధ్య అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ దేశాలు 1949లో గ్వాటెమాలాలో ఇన్‌కాప్ అనే ఉమ్మడి పోషకాహార సంస్థ పెట్టుకున్నాయి. అందరూ కొని తినేది పంచదార అని గమనించి అందులో విటమిన్ ఎ కలిపే పద్ధతిని 1970లలో అక్కడే రూపొందించారు. ఒక్కో దేశం విడిగా పోషించలేని శాస్త్రవేత్తల బృందాన్ని అన్నీ కలిసి పోషించాయి. తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా దేశాల ఆరోగ్య కూటమి టాంజానియాలోని అరూషా నుంచి, పశ్చిమ ఆఫ్రికా ఆరోగ్య సంస్థ బుర్కినా ఫాసోలోని బోబో-డియులాసో నుంచి ఇలాంటి బాధ్యతలే మోస్తున్నాయి. వాటికి సభ్యత్వ రుసుము బకాయి పడి ఉంటే దయచేసి మొదట అది కట్టండి.

మిల్లు తనిఖీకి ఖరీదైన ప్రయోగశాల వచ్చేదాకా ఆగనక్కర్లేదు. గంటకు 5 టన్నులు ఆడే మిల్లులో టన్నుకు 250 గ్రాముల ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) కలపాలంటే గంటకు 1,250 గ్రాములు, అంటే నిమిషానికి దాదాపు 21 గ్రాములు పడాలి. ఇన్‌స్పెక్టర్ ఆ పొడిని పిండిలోకి వదిలే ఫీడరు కింద గిన్నె పెట్టి రెండు నిమిషాలు పట్టి తూస్తే 42 గ్రాముల దగ్గర రావాలి. నెలకు 3,000 టన్నులు ఆడితే 750 కిలోల ప్రీమిక్స్ ఖర్చవ్వాలి, 25 కిలోల పెట్టెలైతే 30. గోదాంలో పెట్టెలు లెక్కపెట్టి, కొన్న బిల్లులతో సరిచూస్తే కలుపుతున్నారో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ తనిఖీ పత్రం కూటమి మొత్తానికి ఒక్కటే ఉండాలి. ఒక దేశం ఇన్‌స్పెక్టర్ నింపిన పత్రాన్ని పక్క దేశం కస్టమ్స్ అంగీకరించాలి. అప్పుడే సరిహద్దులో ప్రతి లారీకీ కొత్త పరీక్ష తప్పుతుంది.

ప్రయోగశాలల మధ్య ఆ నమ్మకం మాటలతో రాదు. ఒకే పిండి శాంపిల్‌ను అందులో ఏది ఎంతుందో చెప్పకుండా అన్ని దేశాల ప్రయోగశాలలకూ పంపి, వచ్చిన ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడాదికి రెండుసార్లయినా ఇది చేయాలి. తప్పు వచ్చిన ప్రయోగశాల పేరు పత్రికలకు ఇవ్వకండి, ఇస్తే వచ్చేసారి అది శాంపిల్ తీసుకోవడం మానేస్తుంది. సాంకేతిక బృందాన్ని పంపి సరిచేయించండి. మందుల విషయంలో జాంబియా, జింబాబ్వే, బోట్స్వానా, నమీబియా 2013లో మొదలుపెట్టిన జాజిబోనా అనే ఉమ్మడి ఏర్పాటు ఇలాంటి నమ్మకంతోనే నడిచింది. ఒక మందు దరఖాస్తును నాలుగు దేశాల నిపుణులు ఒక్కసారే కలిసి పరిశీలించడం దాని పద్ధతి. ఇలాంటి ఏర్పాట్లలో ఉమ్మడి పరిశీలన ముగిశాక, ఒక్కో దేశం రిజిస్ట్రేషన్ కాగితం ఇవ్వడానికి మళ్లీ ఎన్ని నెలలు తీసుకుంటుందన్నదే అసలు ప్రశ్న. అక్కడ గడువు రాయండి: ఉమ్మడి సిఫారసు వచ్చిన 90 రోజుల్లో.

ఇప్పుడు గోదాం సంగతి. దక్షిణాసియా దేశాలు సార్క్ కింద 1987లో ఆహార భద్రతా నిల్వ ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని పెద్దగా వాడుకోలేకపోయాక 2007లో ఆహార బ్యాంకు పేరుతో కొత్త ఒప్పందం రాసుకున్నాయి, అన్ని దేశాల వాటాలూ కలిపి 2,41,580 టన్నులు. ఆ ధాన్యం ఒక్కచోట ఉండదు. ఎవరి వాటా వాళ్ల దేశంలో, వాళ్ల గోదాంలోనే ఉంటుంది. ఆహార కొరతకు గీటురాయిగా, ఆ ఏడాది ధాన్యం దిగుబడి అంతకుముందు మూడేళ్ల సగటు కన్నా 8 శాతం తగ్గాలని పెట్టుకున్నారు. ధరను అవసరం వచ్చినప్పుడు ఇచ్చే దేశం, పుచ్చుకునే దేశం మాట్లాడుకోవాలి. ఈ రెండు షరతులూ కాగితం మీద సహేతుకంగానే కనిపిస్తాయి. ఆచరణలో ఏమవుతుందో చూడండి. దేశం మొత్తం దిగుబడి 3 శాతమే తగ్గుతుంది, కానీ వరదొచ్చిన జిల్లాల్లో 60 శాతం పోతుంది. లేదా దిగుబడి బాగానే ఉంటుంది, ధర రెట్టింపై కూలిజనం కొనలేకపోతారు. షరతు నెరవేరదు. నెరవేరినా దిగుబడి అంకె ఖాయమయ్యేది కోతలైన నెలల తర్వాత. అప్పుడు ధర గురించి బేరం మొదలవుతుంది. ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఆగ్నేయాసియా దేశాలు చైనా, జపాన్, దక్షిణ కొరియాలతో కలిసి 2011లో సంతకం చేసిన అత్యవసర బియ్యం నిల్వ ఒప్పందం ఈ విషయంలో ఒక మెట్టు పైనుంది. అందులో 7,87,000 టన్నులు కేటాయించారు. ముందే ఒప్పుకున్న షరతులతో విడుదలయ్యేది, అప్పటికప్పుడు మాట్లాడుకునేది, దానంగా వెళ్లేది అని మూడు దారులు విడిగా పెట్టారు. మీరు రాసుకోబోయే ఒప్పందంలో మొదటి దారినే ప్రధానం చేయండి. విడుదలకు గీటురాయిగా మూడు అంకెల్లో ఏ రెండు దాటినా చాలని రాయండి: ప్రధాన ధాన్యం చిల్లర ధర గత అయిదేళ్లలో అదే నెల సగటు కన్నా ఎంత పెరిగింది, చికిత్సా కేంద్రాల్లో తీవ్రంగా చిక్కిన పిల్లల చేరికలు అంతకుముందు ఏడాది అదే నెల కన్నా ఎంత పెరిగాయి, వర్షపాతం ఎంత తగ్గింది. మూడూ ప్రతి నెలా దొరికే అంకెలు. ధరకు సూత్రం ముందే ఉండాలి. విడుదల ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారి హోదా, ఆయన లేనప్పుడు ఎవరు పెట్టాలన్నది కూడా రాసి ఉండాలి. లారీ కదలడానికి 10 రోజుల గడువు పెట్టండి.

మరో నిబంధన కూడా కావాలి, అది లేకపోతే పైవేవీ నిలవవు. ధర పెరగగానే ఎగుమతి నిషేధం విధించడం మామూలైంది. 2007-08 బియ్యం సంక్షోభంలో ఎగుమతి దేశాలు వరుసగా తలుపులు మూసుకున్నాయి. 2021లో టీకాల విషయంలోనూ అదే చూశాం. దేశం తన ప్రజల కోసం తలుపు మూసుకోవడాన్ని మేం తప్పుపట్టం. కానీ ఉమ్మడి ఒప్పందం కింద కేటాయించిన పరిమాణానికి ఆ నిషేధం వర్తించదని నిషేధం విధించే చట్టంలోనే ఉండాలి. ఒప్పందంలో ఉంటే చాలదు, ఎందుకంటే రేవు అధికారి చేతిలో ఉండేది చట్టమే.

అంటువ్యాధుల గురించి క్లుప్తంగానే చెబుతాం, దాని మీద మీకు సలహాదారులు చాలామందే ఉన్నారు. 2013 డిసెంబరులో గినియాలో మొదలైన ఎబోలాను గుర్తించింది 2014 మార్చిలో. మూడు దేశాల సరిహద్దులు కలిసే చోట జనం సంతలకూ చుట్టాలిళ్లకూ తిరుగుతూనే ఉన్నారు. లైబీరియా, సియెర్రా లియోన్‌లతో కలిపి 28,600కు పైగా కేసులు, 11,300కు పైగా మరణాలు. ఏడు రోజుల్లో గుర్తించడం, ఒక్క రోజులో తెలియజేయడం, మరో ఏడు రోజుల్లో తొలి చర్యలు పూర్తి చేయడం అన్న 7-1-7 లక్ష్యం ఇప్పుడు అందరికీ తెలుసు. మేం కోరే చేర్పు ఒక్కటే: సరిహద్దు జిల్లాల వైద్యాధికారులు రాజధానుల అనుమతి లేకుండా పక్క జిల్లా అధికారికి నేరుగా ఫోన్ చేయవచ్చని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. రెండు రాజధానుల మీదుగా తిరిగే సమాచారం ఒక్క రోజులో చేరదు.

చివరిగా, సరిహద్దు దాటే బిడ్డ. పనుల కోసం, కరువు వల్ల, పోరాటాల వల్ల కుటుంబాలు చికిత్స మధ్యలో దేశం మారతాయి. ఒక దేశం జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే చేర్చుకుంటుంది. పక్క దేశం బరువు, ఎత్తు మాత్రమే చూస్తుంది. మొదటి దేశంలో నాలుగు వారాలు ఆర్‌యూటీఎఫ్ తిన్న బిడ్డ రెండో దేశంలో అర్హత లేదని వెనక్కి వెళుతుంది. జబ్బ కొలత, ఎత్తుకు బరువు, రెండు పాదాల్లో వాపు, వీటిలో ఏది ఉన్నా చేర్చుకోవాలి. జబ్బ కొలత 125 మిల్లీమీటర్లకు చేరి, ఎత్తుకు తగ్గ బరువు గీత కూడా దాటి, వాపు లేకుండా రెండు వరుస రాకల్లో నిలబడితేనే పంపించాలి. రెండో దేశంలో బిడ్డను కొత్త కేసుగా కాక బదిలీగా నమోదు చేయాలి. దీనికి ఒకే రకం కార్డు చాలు: చేరిన తేదీ, అప్పటి బరువు, జబ్బ కొలత, ఇచ్చిన పొట్లాలు, వేసిన టీకాలు, చివరిసారి చూసిన తేదీ. అంకెలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి, మిగతావి బొమ్మలతో ముద్రించవచ్చు. పిల్లల ఎదుగుదలకు ప్రపంచమంతా వాడుతున్న 2006 నాటి ప్రమాణాలు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను కొలిచి తయారైనవి. అంత దూరపు దేశాలకు ఒకే కొలబద్ద సరిపోయినప్పుడు పక్కపక్క దేశాలకు ఒకే కార్డు సరిపోదా?

ఓఆర్ఎస్ పొట్లాల కొలత కూడా ఈ కార్డుతో పాటే తేల్చండి. 20.5 గ్రాముల పొట్లం లీటరు నీళ్లకు. లీటరు పొట్లం అలవాటున్న తల్లి చేతికి 200 మిల్లీలీటర్ల పొట్లం వస్తే దాన్ని లీటరులో కలుపుతుంది, ఆ నీళ్లు విరేచనాలకు చాలవు. తిరగబడితే ఇంకా ప్రమాదం: లీటరు పొట్లం 200 మిల్లీలీటర్లలో పడితే లీటరుకు 75 మిల్లీమోల్స్ ఉండాల్సిన సోడియం 375 అవుతుంది, బిడ్డకు ఫిట్స్ రావచ్చు. కూటమి మొత్తానికి ఒకటే పరిమాణం ఎంచుకోండి, పొట్లం మీద ఎంత నీళ్లో తెలిపే గిన్నె బొమ్మ ఒకేలా వేయించండి.

మీ తర్వాతి సమావేశానికి ఉమ్మడి ప్రకటన ముసాయిదాతో పాటు నాలుగు అనుబంధాలు బల్ల మీదికి రావాలని అడుగుతున్నాం. పది వస్తువుల జాబితా, ఒక్కోదానికి ఒకే స్పెసిఫికేషన్‌తో. ప్రతి దేశం జమ చేయాల్సిన మొత్తం, తేదీతో, ఆర్థిక మంత్రి సంతకంతో. నిల్వ విడుదల గీటురాళ్లు, ధర సూత్రం, సంతకందారు హోదా. సరిహద్దు జిల్లాల జాబితా, వాటి వైద్యాధికారుల ఫోన్ నంబర్లు, కార్డు నమూనా. దేశాలన్నీ ఒకేసారి ఒప్పుకోకపోతే ఒప్పుకున్న మూడు దేశాలతో మొదలుపెట్టి మిగతావాటికి తలుపు తెరిచి ఉంచండి. ఈ అనుబంధాల ముసాయిదా రాయడానికి, లెక్కలు సరిచూడడానికి మా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పోషకాహార చికిత్స, మందుల సరఫరా, ఆహార పరీక్షల రంగాల్లో పనిచేస్తున్న వాళ్లం